జంట సిలిండర్ల మోటారు సైకిలు: వణకునకు నిదానము



మన భాషలో ‘నిదానము’ అను మాటకు రెండర్థములు గలవు. తొందరపడక మెల్లగా సాగుట యొకటి. వైద్యుడు రోగమునకు మూలకారణమును కనుగొనుట రెండవది. ఒకే మాటలో ఈ రెండును ఇమిడియుండుట నాకు మిక్కిలి ఉచితముగా తోచును. తొందరపడు వైద్యునకు కారణము చిక్కదు గదా. నేటి ప్రసంగమున ఈ మాటను మనుష్యదేహమునకు గాక యొక యంత్రమునకు అన్వయించి చూపదలచితిని. ఆ యంత్రము జంట సిలిండర్ల మోటారు సైకిలు. అందును, యజమాని తన యిష్టము చొప్పున మార్పించుకొన్న మోటారు సైకిలు. దానికి పట్టిన వ్యాధి వణకు.

పల్లెలో నున్న మాకు ఈ ముచ్చట యెందుకని పెద్దలు కొందఱు అడుగవచ్చును. దీనికి నా సమాధానములు రెండు. మీ కుమారులును, మనుమలును హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను ఇట్టి బండ్లు కొని నడుపుచున్నారు. వాటి మేలుకీళ్లు మీరు కొంత తెలిసియుండుట మంచిది. ఇక రెండవది: మీలో పలువురు ఊరి తగవులు విని తీర్పు చెప్పినవారు. మొదట వచ్చి మొఱపెట్టుకొన్నవాని మాట విన్నంతనే తీర్పు చెప్పరాదని మీరెఱుగుదురు. యంత్రమును పరీక్షించువానికి కావలసిన ముఖ్యగుణము అదియే గనుక, నా మాటలు ఇతరులకంటె మీకే సులభముగా బోధపడునని నా నమ్మకము.

ముందుగా ఆ యంత్రము స్వరూపమును చెప్పెదను. సిలిండరనగా లోహపు గొట్టము. దానిలో పిస్టను అను దిమ్మ పైకి క్రిందికి ఆడుచుండును. పెట్రోలు ఆవిరి గాలితో కలిసి మండగా పిస్టను క్రిందికి త్రోయబడును. ఆ త్రోపును ఒక కడ్డీ అందుకొని క్రాంకు అను వంకర ఇరుసునకు అందించును. అంతట ఎత్తుదిగుడుల చలనము గుండ్రని తిరుగుడుగా మాఱును. కుట్టుమిషను త్రొక్కునపుడు పాదము పైకి క్రిందికి ఆడుటయు, చక్రము గిఱ్ఱున తిరుగుటయు మీరు చూచినదే, ఇదియు నట్టిదే.

ఇట్టి సిలిండర్లను రెండింటిని పంగలకఱ్ఱవలె నిలిపి, రెండు కడ్డీలను క్రాంకునందలి యొకే మేకునకు తగిలించినచో దానిని ‘వి-ట్విన్’ ఇంజను అందురు. ఆ రెండు కడ్డీలలో ఒకదాని మొదలు చీలియుండును; రెండవది ఆ చీలికలో ఇమిడి తిరుగును. అమెరికాదేశమున మిల్వాకీ నగరములో 1903 లో ఆరంభమైన హార్లీ-డేవిడ్సన్ సంస్థవారు ఇట్టి జంట యింజనును మొదటిసారి 1909 లో అమ్మకమునకు తెచ్చిరి. వారి పంగకోణము 45 డిగ్రీలు. కోణము ఇరుకగుటచే అంత పెద్ద యింజనును సైకిలువంటి సన్నని చట్రములో ఇమిడిపోయెను. ఆ సౌకర్యమునకు చెల్లించిన మూల్యమే వణకు.

ఈ యింజనునకు పుట్టుకతోనే రెండు లక్షణములు కలవు. మొదటిది దాని నడక. ఒక సిలిండరు మండిన పిమ్మట క్రాంకు 315 డిగ్రీలు తిరుగగానే రెండవది మండును. ఆ తరువాత 405 డిగ్రీలు తిరుగువఱకు మొదటిది మరల మండదు. రెండును కలిసి 720 డిగ్రీలు. అనగా సరిగా రెండు చుట్లు. ఒక యడుగు దగ్గఱగాను, మఱొక యడుగు దూరముగాను పడుటచే ఆ చప్పుడు కుంటు గుఱ్ఱపు దౌడువలె వినబడును. తెలియనివారు దానిని లోపమనుకొందురు. అది ఆ జాతి యింజనుల సహజమైన నడక. అట్టి నడకకే ముచ్చటపడి కొనువారు లక్షలాదిగా నున్నారు.

రెండవ లక్షణము బరువునుబట్టి పుట్టునది. పిస్టను ప్రతి చుట్టునందును పైకొసను ఒకసారి, క్రిందికొసను ఒకసారి ఆగి మరలవలయును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు సెకనునకు 50 చుట్లు; అనగా నూఱు మరలింపులు. పిస్టనును, దానితో ఆడు భాగములును కలిసి అరకిలో తూగుననియు, వాటి రాకపోకల నిడివి 101.6 మిల్లీమీటర్లనియు అనుకొందము. అరకిలో వస్తువే గదా యని తేలికగా చూడరాదు. ఆ వేగమున దానిని కొసలయందు మరలించుటకు సుమారు 250 కిలోల బరువునకు సరియగు బలము కావలయును. పైగా వేగము రెట్టింపైనచో ఆ బలము నాలుగు రెట్లగును. కావున 1000 చుట్ల యొద్ద 30 కిలోలకు లోపుగా నుండునది, 6000 చుట్ల యొద్ద సుమారు వేయి కిలోలగును. ఈ బలమంతయు చట్రమును కుదిపి, చట్రమునుండి మనుష్యుని చేతులకును కాళ్లకును ప్రాకును.

దీనిని కొంత అణచుటకై ఫ్లైవీలు అను బరువుచక్రమున, మేకునకు ఎదుటి ప్రక్కను, బరువు నుంచుదురు. ఎంత యుంచవలె ననునది చిక్కుప్రశ్న. పైకి క్రిందికి ఆడు బలమును పూర్తిగా చంపునంత బరువుంచినచో ముందుకు వెనుకకు ఆడు బలము క్రొత్తగా పుట్టును. అందుచే 45 డిగ్రీల యింజనులో, ఆడు బరువునందు సగమునకు పైగా కొంతవఱకు మాత్రమే సరిచేసి, మిగిలినదానిని ఓర్చుకొనుట వాడుక. పంగకోణము 90 డిగ్రీలైనచో ఈ చిక్కు చాలవఱకు తీరిపోవును. ఇటలీదేశపు డుకాటి, మోటో గుజ్జి బండ్లలోని జంట యింజనులట్టివి.

మిగిలిన వణకు సవారునకు తగులకుండ జేయుటకు యంత్రకారులు రెండుపాయములు పన్నిరి. ఇంజనును చట్రమునకు నేరుగా బిగింపక రబ్బరు దిమ్మలమీద కూర్చుండబెట్టుట మొదటిది. ఇంగ్లాండులో నార్టన్ సంస్థవారు 1967 లో తమ కమాండో బండికి ఇట్లు చేసిరి. హార్లీవారు 1980 నుండి తమ పెద్ద నమూనాలు కొన్నింటిలో చేసిరి. ఇంజను లోపలనే ఎదురుగా తిరుగు బరువులను అమర్చుట రెండవది. దానిని హార్లీవారు 2000 నుండి మఱికొన్ని నమూనాలలో ప్రవేశపెట్టిరి. నా కథకు కావలసినది మొదటి యుపాయము. రబ్బరుమీది యింజను మెల్లగా తిరుగునపుడు కంటికి కనబడునట్లు ఊగును. వేగము హెచ్చిన పిమ్మట ఆ యూపు రబ్బరులోనే అణగిపోయి చట్రము నెమ్మదించును. ఇంజను ప్రక్కలకు ఒఱగకుండుటకు చిన్న కడ్డీలు దానిని పట్టియుంచును. అనగా, ఇంజనునకు ఊగుటకు కొంత చోటు కావలయును. ఈ మాటను దయచేసి గుర్తుంచుకొనుడు.

ఇక నా యెదుటికి వచ్చిన యంత్రము సంగతి. నేను కొంతకాలము అమెరికాలో నుంటిని. మన ప్రాంతమునుండి వెళ్లి అచ్చట ఉద్యోగము చేసికొనుచున్న మిత్రుడొకడు పెద్ద జంట యింజను బండిని ముచ్చటపడి కొనెను. దాని యింజను 1450 ఘన సెంటీమీటర్లది. అది చాలదని, సిలిండర్ల వ్యాసమును 95.25 మిల్లీమీటర్లనుండి 98.4 కు పెంచి, దానిని సుమారు 1550 గా మార్పించెను. పిస్టనులు క్రొత్తవి వేసిరి. పొగగొట్టములను తీసి, మెఱయునట్టి వేఱు గొట్టములను తగిలించిరి. మార్చిన కర్మశాల పేరు మనకు అనావశ్యకము. బలము పెరిగెను, వెంటనే వ్యాధియు పుట్టెను. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవునపుడు పిడులు తేనెటీగల తుట్టెవలె జుమ్మని అదరుచుండెను. అద్దములలో వెనుకనుండి వచ్చు బండ్లు అలుకుకొనిపోయి కనబడుచుండెను. గంటసేపు నడుపుసరికి అతని వ్రేళ్లు మొద్దుబాఱి, దిగిన పిమ్మట చొక్కా గుండీలు పెట్టుకొనుటకే కష్టమగుచుండెను.

అతడు బండిని ఒక పనివానికి చూపగా, బరువైన పిస్టనులు వేయుటచే ఫ్లైవీళ్లు పోటు తప్పినవనియు, ఇంజనును పూర్తిగా విప్పవలెననియు అతడు చెప్పెనట. దానికి వేల డాలర్ల ఖర్చు. నా మిత్రుడు నాతో, “అన్నగారూ, దీని గుండె చెడిపోయినది. విప్పించి బాగుచేయించుటయా, తక్కువకు అమ్మివేయుటయా చెప్పండి” అనెను. నేను, “తమ్ముడూ, గుండె చెడినదని ఇంకను తేలలేదు. ఈ శనివారము దాని నాడి చూతము. అంతవఱకు నీవు దాని నెక్కవద్దు” అని చెప్పితిని.

ఎక్కవద్దని చెప్పుటకు కారణము వ్రేళ్లు. యంత్రపు వణకు మనుష్యుని చేతులను చెఱుచునని శతాబ్దము క్రిందటనే తేలినది. 1918 లో అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు, ఇండియానా రాష్ట్రములోని బెడ్‌ఫర్డు ప్రాంతమున గాలిసుత్తెలతో రాళ్లు చెక్కువారిని పరీక్షించెను. చలివేళలయందు వారి వ్రేళ్లు రక్తము పాఱక తెల్లబడుటను, స్పర్శ తప్పుటను ఆమె వ్రాసి ప్రకటించెను. నేడు ఐరోపా రాజ్యములలో పనివాండ్ర చేతికి దినమునకు ఎంత వణకు తగులవచ్చునో శాసనమే గలదు. అది 2002 లో ఏర్పడినది. మోటారు సైకిలు వినోదమునకై నడుపువానికి అట్టి శాసనము రక్షణ నీయదు. అతని వ్రేళ్లే అతనికి హెచ్చరిక. బండి దిగిన కొంతసేపటికి మొద్దుతనము తీరుచున్నంతవఱకు ఒకపాటి సంగతి. అది తీరకుండుటయు, చలికి వ్రేళ్లు తెల్లబడుటయు మొదలైనచో వైద్యుని చూడవలయును. మఱియు, వణకు బోల్టులను వదులుచేయును, లోహమును చీల్చును. త్రోవమధ్యమున బ్రేకు బోల్టు ఊడినచో సంగతి యేమగునో చెప్పనక్కఱలేదు.

శనివారమున విచారణ మొదలిడితిమి. పనిముట్టు ముట్టకముందే ప్రశ్నలు వేసితిని. వణకు ఎప్పటినుండి? మార్పు జరిగిన దినమునుండియా, కొన్నాళ్లకా? ఏ వేగమున? చేతులలో హెచ్చా, కాళ్లలోనా, కూర్చున్నచోటనా? మార్పులో ఏయే వస్తువులు తీసిరి, ఏయే వస్తువులు తీయక విడిచిరి? అతని జవాబులవలన మూడు సంగతులు తేలినవి. మార్పు జరిగిన మొదటి వారమున వణకు స్వల్పముగా నుండి, రానురాను హెచ్చినది. చేతులలోను కాళ్లలోను సమముగా నున్నది. ఇంజను ముందరి రబ్బరు దిమ్మను మార్చలేదు. అది బండితో వచ్చినదే. ఫ్లైవీలు పోటు తప్పుటయే కారణమైనచో వణకు మొదటి దినముననే పూర్తిగా నుండవలసినది. రానురాను పెరుగుట చూడగా, ఏదో యొకటి క్రమక్రమముగా క్రుంగుచున్నదనియో, వదులగుచున్నదనియో శంక కలిగెను.

రెండవ మెట్టు: దోషము చక్రములదా, ఇంజనుదా? దీనికి సులభమైన పరీక్ష కలదు. ఆ బండిచక్రము చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున చక్రము సెకనునకు 14 చుట్లు తిరుగును. అదేవేళ ఐదవ గేరులో ఇంజను నిమిషమునకు సుమారు 2700, అనగా సెకనునకు 45 చుట్లు తిరుగును. టైరు సరిగా లేనిచో పుట్టు కుదుపు మెల్లనిది. గతుకుల బాటను పోవు ఎద్దుబండి కుదుపువంటిది. ఇంజనుది తుమ్మెద మ్రోతవంటిది. చెవికిని చేతికిని ఈ భేదము తెలియును. ఐనను నిశ్చయమునకై నేను బండి నెక్కి, జనసమ్మర్దము లేని బాటమీద నాలుగవ గేరులో నడిపితిని. ఇంజను 2700 చుట్లకు వచ్చుసరికి బండివేగము 80 కిలోమీటర్లే. వణకు అచ్చటనే పుట్టెను. వేగము మాఱినను ఇంజను చుట్లను విడువక వచ్చినది గనుక, దోషము చక్రములది గాదు. పిమ్మట క్లచ్చి నొక్కి, ఇంజనును మందగింపజేసి, బండిని అదే వేగమున జాఱనిచ్చితిని. వణకు మాయమయ్యెను. చివరకు బండిని నిలిపి, గేరు లేకుండ ఇంజనును 2700 కు తెచ్చితిని. వణకు మరల వచ్చెను. టైర్లు, వెనుక బెల్టు ఈ మూడు పరీక్షలతో నిర్దోషులుగా తేలినవి.

మూడవ మెట్టు: రెండు సిలిండర్లును సమముగా పనిచేయుచున్నవా? జోడెద్దులలో ఒకటి నీరసించినచో కాడి ఒక ప్రక్కకు లాగినట్లు, ఒక సిలిండరు బలహీనమైనచో ఇంజను తడబడును. అట్టి తడబాటు ప్రతి రెండు చుట్లకు ఒకసారి వచ్చును. కనుక దాని తాళము ఇంజను చుట్లలో సగము. మేము స్పార్కు ప్లగ్గులను విప్పి చూచితిమి. రెండింటి రంగును ఒకటిగానే యుండెను. సిలిండర్లలోని యొత్తిడిని గేజితో కొలిచితిమి. సాధారణముగా రెండింటికిని గల భేదము పదింట ఒక వంతు మించరాదు. ఇచ్చట అంతయు లేదు. వెనుక సిలిండరు కొంచెము ఎక్కువ వేడిగా నుండెను. అది రోగలక్షణము గాదు; ముందరి సిలిండరు చాటున నుండుటచే దానికి గాలి తక్కువ తగులును. సిలిండర్లు మార్చినపుడు పెట్రోలును గాలిని తెచ్చు గొట్టము అతుకు సరిగా కూర్చుండక గాలి పీల్చుట కలదు, దానినిగూడ చూచితిమి. అతుకు గట్టిగానే యున్నది.

ఇక ఇంజనును చట్రమునకు పట్టియుంచు బంధములు మిగిలినవి. ఇచ్చట కంటికి కనబడు సాక్ష్యమే దొరకెను. ఇంజను మెల్లగా తిరుగునపుడు రబ్బరుమీద బాగుగా ఊగవలయునని చెప్పితిని గదా! ఈ యింజను ఊగవలసినంత ఊగుట లేదు. దానికి బదులు చట్రమే వణకుచున్నది. మిత్రుడు దానిని చూచి, “నిలుకడగానే యున్నది గదా” అని సంతోషించుచుండెను. ఊగవలసినది ఊగకుండుటయే నా శంకకు కారణమయ్యెను. ఏదో యొకటి దానిని పట్టి బంధించుచున్నది.

దీపము పట్టుకొని క్రిందికి వంగి చూచితిమి. క్రొత్త పొగగొట్టమును మోయు ఇనుపపట్టీ, చట్రపు అడ్డుకడ్డీని ఆనియుండెను. ఆనినచోట రంగు లేచిపోయి, లోహము రూపాయి బిళ్ళంత మేర అద్దమువలె మెఱయుచుండెను. పొగగొట్టము ఇంజనుతోను గేరుపెట్టెతోను కలిసి ఊగవలసినది. చట్రమును ఎచ్చటను తాకరాదు. తాకినచో రబ్బరు దిమ్మలున్నను లేనట్లే. వణకు ఆ యినుప వంతెనమీదుగా నేరుగా చట్రములోనికి నడచిపోవును. ఏటికి కట్ట కట్టి, ప్రక్కను గండి విడిచినట్లు.

మొదటి వారమున తాకనిది తరువాత ఏల తాకినది? ముందరి రబ్బరు దిమ్మను విప్పి చూడగా కారణము తెలిసెను. పైనుండి నూనె చుక్కలు పడిపడి రబ్బరు మెత్తబడి, ఉబ్బి, ఒక ప్రక్క చీలియుండెను. ఇంజను ముందువైపు కొన్ని మిల్లీమీటర్లు క్రుంగినది. దానితోడనే పొగగొట్టము దిగి పట్టీ చట్రమును తాకినది. ఇది గొలుసువంటి కారణము: నూనె కాఱుట, రబ్బరు క్రుంగుట, గొట్టము ఆనుట, వణకు. చివరి కొనను మాత్రము చూచినవారు గుండె చెడినదనిరి.

మేము చేసిన చికిత్స స్వల్పము. నూనె కాఱు అతుకును బాగుచేసి, క్రొత్త రబ్బరు దిమ్మను వేసితిమి. పొగగొట్టపు బోల్టులను, ఇంజను ప్రక్కకడ్డీల బోల్టులను అన్నిటిని వదులుచేసి, ఇంజను తన బరువుతో తాను కుదురుకొనునట్లు విడిచితిమి. కొంతసేపు తిరుగనిచ్చి, మొదట ఇంజను బంధములను, తరువాత గొట్టపు బంధములను క్రమముగా బిగించితిమి. ఆ క్రమము ముఖ్యము. గొట్టమును ముందు బిగించినచో ఇంజను వంకరగా లాగబడియుండును. పట్టీకిని చట్రమునకును నడుమ వ్రేలు దూఱునంత సందు ఏర్పడెను. ఖర్చు అతడు భయపడినదానిలో స్వల్పభాగమైనను కాలేదు.

ఆ సాయంకాలము 2700 చుట్ల యొద్ద అద్దములలో వెనుక బండ్లు స్పష్టముగా కనబడెను. ఐనను 4000 చుట్లకు పైగా కొంత మ్రోత మిగిలినది. దానికి కారణము క్రొత్త పిస్టనుల బరువని తోచును. పాత పిస్టనులు తూగిన తూకమునకు ఫ్లైవీలును సరిచూచియుందురు. క్రొత్తవి బరువైనచో ఆ లెక్క తప్పును. వాటి తూకపు చీటీ ఏదని అడుగగా కర్మశాలయందు లేదనిరి. ఆ శేషమును తీర్చుటకు ఇంజనును విప్పక తప్పదు. మిత్రుడు ఆ వేగమున నడుపుట మానుకొని, దానితో తృప్తిపడెను. వెదకుచుండగా పెట్రోలు తొట్టిని పట్టు కొక్కెమున వెండ్రుకవాసి చీలిక యొకటి కనబడెను. అదియు ఆ వణకు చేసిన పనియే. మఱొక నెల గడచినచో తొట్టి ఊడియుండెడిది. ఆ కొక్కెమును మార్పించితిమి.

బంధములన్నియు బాగుగా నుండి, సిలిండర్లును సమముగా నుండియు వణకు తీరనిచో, అప్పుడే గుండెను అనుమానింపవలయును. ఆ యింజనులలో క్రాంకు రెండు ఫ్లైవీళ్లను మేకుతో కూర్చి చేసినది. బలము పెంచిన యింజనులో క్లచ్చిని దబ్బున వదలుట మొదలగు మోటుచేష్టలవలన ఆ రెండు సగములు ఒకదానికొకటి తప్పుకొనవచ్చును. దానిని సూదిగేజితో ఇరుసుకొనయందు కొలుతురు. అంగుళములో వేయవవంతులలో తేలు లెక్క అది. అది తుది పరీక్ష. శస్త్రవైద్యుడు ముందుగా నాడి చూచి, నాలుక చూచి, అటుపిమ్మటనే కత్తి పట్టును గదా.

ఈ కాలమున చేతిఫోనునే పరికరముగా వాడుకొని వణకును కొలుచు పద్ధతి యొకటి వచ్చినది. ఫోనులో చలనమును కొలుచు సూక్ష్మయంత్రము కలదు. సెకనునకు ఎన్ని కంపములో తెరమీద గీతగా చూపును. ఉపయోగకరమే గాని దానికి హద్దు కలదు. అది సెకనునకు నూఱుసార్లు కొలుచునదైనచో, సెకనునకు ఏబదికంటె వేగమైన కంపములను తప్పుగా చూపును. సినిమాలో బండిచక్రము వెనుకకు తిరుగుచున్నట్లు కనబడుట ఇట్టి పొఱపాటే. మఱియొక జాగ్రత్త: అధికబలము గల మోటారు సైకిలు వణకు తమ ఐఫోనులలోని కెమెరాను చెఱుపవచ్చునని ఆపిల్ సంస్థవారే 2021 లో హెచ్చరించిరి. కనుక ఫోనును పిడికి బిగించి దినములతరబడి తిరుగరాదు.

మీ పొలముగట్టుమీది ఆయిలు ఇంజనునకును ఈ విచారణ చెల్లును. అది క్రొత్తగా అదరినచో, తలను విప్పుటకు ముందు, పునాది బోల్టులు వదులైనవేమో, దిమ్మ పగిలినదేమో, పంపునకును ఇంజనునకును నడుమనున్న పట్టా వంకరగా నున్నదేమో చూడుడు. పట్టా తీసివేసి ఇంజనును ఒంటిగా త్రిప్పి చూచినచో, దోషము ఇంజనుదో పంపుదో అఱగడియలో తేలును. నేను క్లచ్చి నొక్కి చేసిన పరీక్ష అదియే. తిరుగుచున్నపుడు పట్టాను చేతితో ముట్టవలదని పిల్లలకు చెప్పుట మఱువకుడు.

మీ యింటి యువకులు బండి మార్పించెదమని అడిగినపుడు నాలుగు మాటలు చెప్పుడు. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, తయారుచేసినవారు నిర్ణయించిన లక్షణములు తప్పునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. ముందుగా ఆ సంగతి విచారించుకొనవలయును. మార్పు చేయదగినదైనచో ఒకేసారి పది వస్తువులు మార్పక, ఒకటి మార్చి నడిపి చూచి, పిమ్మట రెండవది మార్పవలయును. అట్లైనచో రోగము పుట్టినపుడు నేరస్థుని వెదకుట సులభము. తీసిన పాత వస్తువును పాఱవేయక, తూకము వ్రాసి దాచవలయును. మార్చిన పిమ్మట నూఱు కిలోమీటర్లు నడిపి, ప్రతి బోల్టును మరల బిగించి చూడవలయును. చేతులు మొద్దుబాఱినచో, అది మగతనమునకు పరీక్ష యని ఓర్చుకొనక, బండిని నిలిపి కారణము వెదకవలయును.

నా మిత్రుడు ఇప్పటికిని ఆ బండినే నడుపుచున్నాడు. ఏటేట ముందరి రబ్బరు దిమ్మను చూచుకొని, పట్టీకిని చట్రమునకును నడుమ వ్రేలు దూర్చి, సందున్నదని నాకు ఉత్తరము వ్రాయుచుండును.

ఇంతటితో నా ప్రసంగమును ముగించుచున్నాను.